అలివి వల తాడు పట్టుకున్న పాపానికి

విశాఖపట్నం వెళ్లొచ్చానని తెలియగానే మా ఊళ్లో అందరిదీ ఒకటే ప్రశ్న. కైలాసగిరి ఎక్కావా, ఒడ్డుకు లాక్కొచ్చి నిలబెట్టిన జలాంతర్గామిలో దూరావా, సింహాచలం అప్పన్నను చూశావా అని. కైలాసగిరిని కింద నుంచి చూశాను. జలాంతర్గామి దగ్గర టిక్కెట్ల వరస చూసి వెనక్కి తిరిగాను. అప్పన్నకు బస్సు కిటికీలోంచే దణ్ణం పెట్టుకున్నాను. "మరి వారం రోజులు అక్కడేం వెలగబెట్టావయ్యా?" అని మా పక్క చెరువు రైతు నిలదీశాడు. నేను వెలగబెట్టింది ఒక్క మాటలో తేలేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. విశాఖ వెళ్లనివాళ్లు చదువుకోండి. వెళ్లొచ్చినవాళ్లూ చదవండి, మీరూ ఇది చూసి ఉండరు.

ముందు నా సంగతి. మాది కొల్లేరు పక్క ఊరు, చేపల చెరువులు మా జీవనం. చేపంటే మాకు ముఖం ఉండదు, బరువే ఉంటుంది. పిల్ల వేశామా, మేత వేశామా, వల లాగామా, ఐసు కొట్టి లారీ ఎక్కించి కలకత్తా పంపామా, అంతే. పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలే ఆచారం మా ఇంటా వంటా లేదు.

ఇక మా బావ. మా చెల్లెలు రాజ్యం మొగుడు. పుట్టింది కృష్ణా జిల్లాలో. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం దొరికి పెళ్లికి ముందే విశాఖ చేరాడు. ఇప్పుడు మాటతో సహా అక్కడివాడైపోయాడు. నేనాయన్ని బావా అంటే ఆయనా నన్ను బావా అనే అంటాడు. ఈమధ్య ఆయనకు అంతరించిపోతున్న జంతువుల మీద ప్రేమ పుట్టింది. నలుగురు స్నేహితులు, రెండు స్కూటర్లు, ఒక బైనాక్యులర్సు, ఇదీ ఆయన సైన్యం. ఆదివారం వస్తే ఇంట్లో పాలపాకెట్టు తెచ్చే దిక్కుండదు గానీ ఇసుకలో తాబేలు గుడ్లకు మాత్రం కాపలా ఉంటుంది.

"బావా, తాబేళ్లు గుడ్లెట్టడానికి వొడ్డుకొస్తన్నాయి. నువ్వూ వచ్చీ. జన్మలో ఒక్కసారైనా సూడాల" అని ఫోను చేశాడు.

"తాబేళ్లకేం, మా చెరువుల్లో ఉన్నాయి. చేపపిల్లల్ని భోంచేస్తున్నాయి" అన్నాను.

"అవి వేరు బావా. ఇవి ఎక్కడెక్కడి సముద్రాల్నించో పుట్టిన వొడ్డు ఎతుక్కుంటా వస్తాయి."

"పుట్టింటికొచ్చే ఆడపడుచులన్నమాట. మరి మా చెల్లెల్ని పుట్టింటికి పంపి రెండేళ్లయింది. ఆ జాతినెప్పుడు కాపాడతావు?"

 అవతల మా చెల్లెలి నవ్వు వినిపించింది. సరే, దాన్ని చూసినట్టూ ఉంటుందని బయల్దేరాను.

ఎలమంచిలిలో రేగుపళ్లు

తుని దాటేసరికి రైల్లో మాట మారిపోతుంది. ఎలమంచిలిలో ఒక ముసలమ్మ రేగుపళ్ల గంపతో ఎక్కి, అడక్కుండానే నా కాళ్ల దగ్గర చతికిలబడింది. గాజుగ్లాసు కొలత.

"ఎంతండీ?"

"గళాసు రెండ్రూపాయలు బావూ."

"ఆయ్, తియ్యగా ఉంటాయాండీ?"

"గోదారోడివా? ఆయ్ అంటన్నావు. తీపో పులుపో తిన్నాక తెలుత్తాది. ముందే సెప్పీసినామంటే మరి నాను అమ్ముకోడం ఎలగ?"

వ్యాపారంలో ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. రెండు గ్లాసులు కొన్నాను. ఒక గ్లాసు తీపి, ఒక గ్లాసు పులుపు, రెండింట్లోనూ పురుగులు సమానం. ఎందాకా ప్రయాణమని అడిగింది. తాబేళ్లను చూడ్డానికి వెళ్తున్నానన్నాను. పెట్టెలో అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

"ఓలమ్మా! మావూరి గెడ్డలో బోల్డున్నాయి బావూ. ఇక్కడే దిగిపో, టిక్కెట్టు డబ్బులు మిగుల్తాయి" అంది ముసలమ్మ. గెడ్డంటే వాగట. అనకాపల్లి వచ్చేదాకా నన్ను ఎవరూ మనిషి కింద లెక్కగట్టలేదు.

ఉక్కునగరంలో పోగు బేరం

ఉక్కునగరంలో రోడ్లు గీత గీసినట్టుంటాయి, చెట్లు వరసలో నిలబడతాయి, ఇళ్లకు పేర్లు ఉండవు, నంబర్లే. మూడుసార్లు తప్పు ఇంటి గంట కొట్టి నాలుగోసారి మా చెల్లెలి ఇంట్లో పడ్డాను. "ఏటన్నయ్యా, ఇంత చిక్కిపోయావు!" అని ఎదురొచ్చింది. ఏటి అనే మాట దాని నోట విని, ఇది కూడా చేయి దాటిపోయిందనుకున్నాను. అయితే ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించింది, దాంతో అన్నీ మాఫీ చేసేశాను. మా వైపూ ఆవ పెడతారు గానీ, మొహమాటంగా పెడతారు. ఇక్కడ ముక్కులోంచి వెళ్లి మాడు దాకా తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో "సేపలో!" అని కేక. నూకాలు అనే ఆవిడ తల మీంచి తట్ట దించింది. దగ్గర్లోని పల్లె నుంచి రోజూ వచ్చి అమ్ముకునే మనిషి. గట్టి గొంతు, నోట్లో అడ్డపొగ, అంటే నిప్పున్న కొస లోపలికి పెట్టుకున్న చుట్ట. నేను వృత్తి మర్చిపోలేక కిలో ఎంతని అడిగాను.

"కిలో ఏటి బావూ, తూసుకోడానికి బంగారమేటి? పోగు ఇరవై. సూసుకో, నచ్చితే తీసుకో." నేలమీద చేపల్ని చిన్న చిన్న కుప్పలుగా పెట్టింది. ఏ కుప్పా ఇంకో కుప్పతో సమానంగా లేదు, ధర మాత్రం ఒకటే. నేనొక పోగు ఏరుకున్నాను. మా చెల్లెలు నన్ను పక్కకు నెట్టి ఇంకో పోగు తీసుకుంది. నేను ఏరిందాంట్లో తలకాయలే ఎక్కువట. చేపల చెరువులున్నవాణ్ణి, పరువు పోయింది.

ఇంతలో మా బావ కెమెరాతో వచ్చి తట్టలోకి తొంగి చూశాడు.

"ఈ బావు ఎప్పుడూ ఇంతే. సేప కొనడు, సేపకి ఫొటో తీత్తాడు" అంది నూకాలు. ఆ తర్వాత గొంతు తగ్గించి, కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది. "ఈ ఆదివారం మా కొత్త వల దింపుతన్నాం. పాతది తుపానుకి పోనాది. వానాకాలమంతా కూకోని నాను, మా మరిది అల్లినాం. తొలి వేట బాగుంటే వల బతుకంతా బాగుంటాదని మావోల్ల నమ్మకం. తొలి వేట సెడితే ఆ వల తాడు పట్టడానికి మడిసి రాడు. మీరూ రండి బావూ. నలుగురు కల్లారా సూత్తే మంచిది."

అంత నోరున్న మనిషి ఆ వల సంగతి చెప్పేటప్పుడు పరీక్ష రాసొచ్చిన పిల్లలా అయిపోయింది. వస్తామని మాటిచ్చాం.

చేపల రేవులో టీ

శుక్రవారం మా బావ సెలవు పెట్టి చేపల రేవుకు తీసుకెళ్లాడు. మరపడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డాయి. వేలం పాట వినబడుతుంది గానీ ఏం పాడుతున్నారో ఆ దేవుడికే తెలియాలి. నాకు మాత్రం సొంత ఇంటికొచ్చినట్టనిపించింది, ఎందుకంటే అక్కడ చేపను కిలోల్లో తూస్తారు.

టీ బంక్ దగ్గర బాబ్జీ అనే అతను పరిచయమయ్యాడు. రేవులోనూ పల్లెల్లోనూ తిరిగి సొరచేపలు కొంటాడట. రెక్కలు ఒక బేరానికి, కాలేయం ఇంకో బేరానికి. ఆ కాలేయం కాచిన నూనె పడవలకు పూస్తే చెక్క చెడదని చెప్పాడు. మంచి మాటకారి, నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు. మా ఇద్దరికీ ఐసు ధర మీద చక్కగా కుదిరింది.

మేమలా మాట్లాడుకుంటుంటే మా బావ కనిపించలేదు. చూస్తే రాళ్ల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చచ్చిన తాబేలు, పెద్దది, మెడ చాచి పడి ఉంది. వలలో చిక్కుకుని ఊపిరాడక పోయిందన్నాడు. తాబేలు నీళ్లలో చచ్చిపోవడమేమిటి బావా అని నవ్వబోయాను. "అదీ మనలాగే గాలి పీల్చాలి బావా. పైకి రానివ్వకపోతే ఏం చేస్తది?" అన్నాడు. ఆ గొంతు విని నవ్వు మింగేశాను.

"ఓ గోదారి బావూ, మీవోడు సచ్చినదానికి ఫొటో తీత్తన్నాడు. బతికినోలం మావున్నాం, మాకూ ఒకటి తియ్యమను" అని బాబ్జీ అక్కడినుంచే కేకేశాడు. అందరూ నవ్వారు. మా బావ ఇంకో ఫొటో తీసి లేచాడు.

దారిలో నాకొక పాఠం చెప్పాడు. కొల్లేరు చెరువుల మీద గూడబాతులు వాలితే మేం టపాసులు కాలుస్తాం కదా, అది పాపమట. "ఒక్కో బాతు రోజూ ఎన్ని చేపలు మింగుతుందో నీకు తెలుసా?" అన్నాను. "నువ్వెన్ని మింగుతావో మా ఇంట్లో చూస్తన్నాం కదా. నీ మీద ఎవరైనా టపాసు కాల్చారా?" అన్నాడు. ఆరోజు స్కోరు సమానం.

తాబేలు దర్శనమివ్వలేదు

శనివారం చీకటితో లేచి తాబేళ్ల ఒడ్డుకు వెళ్లాం. చలి, ఈదురుగాలి, ఇసుకలో కూరుకుపోయే చెప్పులు. మా బావ నన్ను మాట్లాడొద్దన్నాడు, బీడీ కాల్చొద్దన్నాడు, టార్చి వెయ్యొద్దన్నాడు. ఇన్ని నియమాలు శబరిమలకు కూడా లేవన్నాను, గుసగుసగానే.

వెలుగొచ్చేదాకా కూర్చుంటే ఏ తల్లీ రాలేదు. మా కంటే ముందే వచ్చి వెళ్లిపోయిందని ఇసుకలో చారలు చూపించాడు, ట్రాక్టరు చక్రం పోయినట్టున్నాయి. ఆ చారలు పట్టుకుని పోతే గొయ్యి, గోతి చుట్టూ చిరిగిన గుడ్డు పెంకులు, పక్కనే తృప్తిగా మూతి నాక్కుంటున్న రెండు కుక్కలు. ఎంత దూరం నుంచో వచ్చి గుడ్లు పెట్టుకుంటే ఊరకుక్కల పాలయ్యాయి. మా బావ కుక్కల్ని తిట్టిన తిట్లు పెళ్లి నాడే మా చెల్లెలు వినుంటే అప్పుడే పారిపోయేది. నాకు మాత్రం నిద్ర పాడైందన్న కోపం ఉండాల్సింది, ఎందుకో ఆ పెంకుల దగ్గర అది రాలేదు.

నూకాలు వాళ్ల ఊరు

ఆదివారం వెళ్లిన పల్లె పేరు నేను రాయను. రాస్తే మా బావ దాన్ని చూపించడానికి మిమ్మల్నందర్నీ పిలుస్తాడు. సూర్యుడు పైకొస్తుండగా చేరాం. వల అప్పటికే పడవలో ఉంది, పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, పూలదండ వేసి. నూకాలు కొత్త చీర కట్టుకుంది. ముందు మాకు చోడంబలి పోసింది. చోళ్లంటే మన రాగులే. మా వైపు అంబలి అంటే వానాకాలంలో వయసైనవాళ్లు తాగేది. ఇక్కడ వేటకు పోయే ముందు అందరూ గటగటా తాగేస్తారు, నంజుకోవడానికి వేయించిన ఎండు నెత్తళ్ల చేపలు, పచ్చిమిరపకాయ. రుచి మరిగి మూడు ముంతలు తాగాను. "సాలు బావూ, అలవాటు నేదు గదా" అని నూకాలు అంటూనే ఉంది. గోదావరి వాళ్లకు చాలు అనే మాట ఆలస్యంగా వినిపిస్తుంది.

అలివి వల అంటే ఇదీ పద్ధతి. దాని ఒక తాడు ఒడ్డునే ఉంచి, పడవలో సముద్రంలోకి వెళ్లి, వలను పెద్ద వంకీలా పరుస్తూ వచ్చి, రెండో తాడును దూరంగా ఒడ్డుకే చేరుస్తారు. తర్వాత రెండు తాళ్లనూ రెండు జట్లు ఒడ్డున నిలబడి లాగుతాయి. చివర సంచిలాంటి వలలోకి చేపంతా చేరుతుంది. ఆడా మగా ముసలీ ముతకా అందరూ లాగడమే. నూకాలు మరిది అప్పలరాజు మెడలో తువ్వాలు తీసి తిప్పుతూ రెండు జట్లకూ మధ్య పరుగులు తీస్తున్నాడు. వల బాధ్యతంతా అతనిదే.

"బావా, తాడు పట్టుకో, ఫొటో తీస్తాను" అన్నాడు మా బావ. సరేనని పట్టుకుని ముఖం నవ్వుగా పెట్టాను. వెనకాలున్న ఒక ముసలమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. "పట్టుకోడం కాదు బావూ, లాగు!" లాగాను. ఫొటో అయిపోయాక కూడా ఆవిడ వదలనివ్వలేదు. అప్పలరాజు అటుగా పోతూ చూసి, "గోదారి బావుకీ ఒక వాటా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. అది హాస్యమనుకుని నేనూ నవ్వాను.

హాస్యం కాదట, ఆ ఊరి కట్టుబాటు. వేట జరుగుతుండగా తాడు మీద ఎవరు చెయ్యేసినా వాళ్లకు వాటా ఉంటుంది, దారిన పోయేవాడైనా సరే. వాటా ఉన్నవాడికి మాటా ఉంటుంది. ఈ రెండో సంగతి ముసలమ్మ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సరుగుడు తోటలో

అరచేతులు బొబ్బలెక్కాయి. అంతకంటే ఘోరం, మూడు ముంతల చోడంబలి, ఎండు నెత్తళ్లు, పచ్చిమిరపకాయ కలిసి నా కడుపులో సొంతంగా ఇంకో వల లాగడం మొదలుపెట్టాయి. ఎవరికీ చెప్పకుండా తాడు వదిలి, ముంత పట్టుకుని, దూరంగా ఉన్న సరుగుడు తోటలోకి పరుగెత్తాను. ఆ పరుగును ఆపగలిగినవాడు ఆంధ్రదేశంలో లేడు.

అక్కడ నేనుండగా ఒడ్డున పెద్ద గోల వినబడింది. కాసేపటికి ఆ గోల నా వైపే వచ్చింది.

"ఓ గోదారి బావూ! ఎక్కడున్నావు? తొరగా రా! నీ మాట కావాల!"

"నా మాటా? నేను మాట్లాడే స్థితిలో లేనండీ!" అని తోటలోంచే అరిచాను.

"మాటాడకపోతే సచ్చిపోద్ది బావూ!"

ఎవరు చచ్చిపోతారో తెలియలేదు. మా బావకేమైనా అయిందేమో అనుకున్నాను. ఉన్నపళంగా లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తాను.

మా బావ నిక్షేపంగా ఉన్నాడు, కాకపోతే ఏడుస్తున్నాడు. తాళ్లు లాగడం ఆపేశారు. నడుం లోతు నీళ్లలో, వల సంచి దగ్గర, పడవంత నల్లటి వీపు తేలి ఉంది. వీపు నిండా తెల్లటి చుక్కలు, ముగ్గుకు చుక్కలు పెట్టి గీతలు కలపడం మర్చిపోయినట్టు. చుట్టూ కవ్వళ్లనే చిన్న చేపలు వెండిలా ఎగిరెగిరి పడుతున్నాయి. నూకాలు కోరుకున్న తొలి వేటంటే అదే, సంచి నిండా చేప. అయితే ఆ చేపతో పాటు ఇదీ వచ్చింది.

"సుక్కల సొర బావూ" అన్నాడు అప్పలరాజు రొప్పుతూ. "ఇంకాస్త లాగితే నేలకి తగుల్తాది. తగిల్తే దాని బరువుకి అదే సత్తాది. వదలాలంటే సంచి కొయ్యాల. కోత్తే కవ్వల్లన్నీ పోతాయి. వాటా ఉన్నోలందరూ ఊఁ అంటేనే కత్తి. ఒక్కరు నేదన్నా లాగాల్సిందే. తాడట్టినోలందరూ సెప్పీసినారు. నువ్వే మిగిలినావు."

అందరూ ఎలా ఒప్పుకున్నారని తర్వాత అడిగితే ఎవరి కారణం వాళ్లు చెప్పారు. కొందరికి కేసుల భయం, దాన్ని చంపితే జైలన్న చట్టం ఈమధ్యే వచ్చిందట. కొందరికి అది తోక విసిరితే మనుషులు పోతారని భయం. ముసలమ్మ మాత్రం "అంత పేనాన్ని సంపి ఏటి సేసుకుంటాం?" అందట.

"నేను ఫొటో కోసం పట్టుకున్నానండీ! నన్ను అడుగుతారేంటి? మా బావనడగండి, ఈ సంగతులన్నీ ఆయనకే తెలుసు" అన్నాను.

"మీ బావు తాడు పట్టలేదు గదా. ఫొటో తీసినాడు. ఆ బావుకి మాటెక్కడిది?" అంది ముసలమ్మ. "ఫొటోకయినా నువ్వు పట్టింది తాడే."

ఖర్మ చూడండి. జంతువుల్ని కాపాడాలని ఊరూరా తిరిగేవాడికి మాట లేదు. చేపను ఐసులో తప్ప చూడని నాకు ఉంది. మా బావ చేతులు జోడించి, "బావా, ఇది ఎవర్నీ కరవదు. ఇంత ఒళ్లేసుకుని నీళ్లలో పురుగూ పుట్రా వడగట్టుకు తింటది. పెద్దవడానికి ఏళ్లకేళ్లు పడతది. ఒకటి పోతే దాని చోట ఇంకోటి రాదు బావా" అని గుక్క తిప్పుకోకుండా చెప్తున్నాడు. ఇటు నుంచి ఎవరో నా భుజం మీద చెయ్యేశారు. చూస్తే రేవులో టీ ఇప్పించిన బాబ్జీ. ఎక్కడ వాసన పట్టాడో లారీతో సహా దిగాడు. "నేదు అను బావూ, ఒక్క మాట. నీ వాటాకి రొక్కం ఇప్పుడే సేతిలో ఎడతాను. నువ్వూ యాపారస్తుడివే, నీకు నాను సెప్పాలేటి?"

నిజం చెప్పొద్దూ, నా నోట ముందు వచ్చిన మాట ఇదీ: "ఎంత బరువుంటుందండీ?"

మా బావ నెత్తి కొట్టుకున్నాడు. నేను ఇంకాస్త దగ్గరికి వెళ్లాను. అంత తలకాయకు కన్ను మాత్రం చిన్నది, పక్కకు ఉంది. అది మెల్లగా తిరిగి నా వైపే చూసినట్టనిపించింది. నోరు తెరుస్తోంది, మూస్తోంది, నీళ్లు చాలక అవస్థ పడుతోంది. జీవితంలో ఎన్ని చేపల్ని పట్టించానో లెక్కలేదు. ఏ చేపా నన్ను చూసిందని నాకెప్పుడూ అనిపించలేదు. నాకు భయం వేసింది, జాలీ వేసింది, అవతలున్న కవ్వళ్ల మీద ఆశ కూడా పోలేదు. 

"కోసెయ్యండి" అన్నాను. "ఆయ్, వదిలెయ్యండి."

బాబ్జీ నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. అందరూ నూకాలు వైపు తిరిగారు. వల ఎవరిదో వాళ్లు ఆఖర్న చెప్పాలట.

నూకాలు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పూలదండ ఇంకా వల అంచుకు వేలాడుతోంది. "వానాకాలమంతా అల్లినాను" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే. "తొలి వేటకే కత్తంటే ఈ వలకి మరి జనం వత్తారేటి?"

"అమ్మా, నువ్వు దేశానికి చేసే సేవ..." అని మా బావ మొదలుపెట్టాడు.

"నువ్వు నోర్మూసుకో బావూ!"

మా బావ మూసుకున్నాడు. అప్పలరాజు మొలలోంచి కత్తి తీసి వదినె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె అతని చేతిలోంచి కత్తి లాక్కుంది. "ఇలగియ్యి. నా వలకి ఇంకోడు కత్తెట్టకూడదు." కొత్త చీరతోనే నీళ్లలోకి దిగి, ఆ చుక్కల వీపు పక్కకు వెళ్లి, సంచిని తనే కోసింది. ఒక్కో ముడి తెగుతుంటే ఆమె పెదాలు కదులుతున్నాయి. తిడుతోందో మొక్కుతోందో నాకు తెలియదు.

కవ్వళ్లు ముందు పోయాయి, బుట్టలోంచి గుమ్మరించినట్టు. చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది, ఈసారి చోడంబలి వల్ల కాదు. ఆ తర్వాత పదిమంది నీళ్లలో దిగి నెడితే ఆ సొర కదిలింది. నేనూ నెట్టాను. దాని ఒళ్లు గరుకుకాగితంలా ఉంది. లోతు తగలగానే తోక ఒక్కసారి విసిరింది. ఫొటో కోసం దగ్గరికొచ్చిన మా బావ కెమెరాతో సహా వెల్లకిలా పడ్డాడు. కెమెరా సముద్రం పాలు. నేను తాడు పట్టుకున్న ఫొటో కూడా అందులోనే పోయింది. కాబట్టి నేను చెప్పేది నమ్మడమో మానడమో మీ ఇష్టం.

కుట్టు

ఒడ్డుకొచ్చి నూకాలు ఇసుకలో కూలబడి బోరున ఏడ్చింది. మా బావ ఓదార్చబోయాడు. "మెచ్చుకోలొద్దు బావూ. నా ఏడుపు నన్నేడవనీ. అయ్యాక వొచ్చి వల పట్టుకో, కుట్టాల" అంది.

అన్నట్టే ఏడుపు అయ్యాక లేచి ముఖం కడుక్కుంది. మధ్యాహ్నమంతా పాక నీడలో వల పరిచి కుట్టాం. ఉక్కు కర్మాగారం ఉద్యోగి, చేపల చెరువుల ఆసామి, ఇద్దరమూ వల చెరోవైపు బిగబట్టి కూర్చున్నాం. ఆమె ముడులు వేస్తోంది. మేం వదులు చేస్తే మోకాలి మీద కొడుతోంది. తాడు లాగిన జట్టు వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసి పోతున్నారు. ఎవరొచ్చినా నూకాలు చెయ్యి ఒక క్షణం ఆగుతోంది. రేపు ఈ వలకు వస్తారో రారో ఎవరూ చెప్పడం లేదు, ఆమే అడగడం లేదు. ముసలమ్మ మాత్రం వచ్చి, కోసిన చోటంతా వేలితో తడిమి చూసి, "రేపు ఎన్నింటికి దింపుతావే?" అంది. నూకాలు తలెత్తకుండా "తెల్లారే" అంది. ఆ తర్వాత ఆమె ముడులు వేసే వేగం పెరిగింది.

"ఎందుకు కోశారండీ? మీరు వద్దంటే ఎవరేం చేసేవాళ్లు?" అని అడిగాను.

"ఏటో బావూ. కవ్వల్లు రేపొత్తాయి, ఎల్లుండొత్తాయి. ఇలాటిదాన్ని మాయమ్మ సిన్నతనంలో సూసిందంట. నాను ఇయ్యాల సూసినాను. ఆఖర్న సూసింది నానే అయిపోతే బాగుంటాదేటి?" అని దారం పళ్లతో తెంపింది. మా బావ ఆ మాట విని, చెప్పదలచుకున్న ఉపన్యాసం ఏదో మానుకున్నాడు.

కుట్టడం అయ్యాక అప్పలరాజు వల కన్నుల్లో చిక్కుకుని మిగిలిన చేపలు దులిపాడు. గుప్పెడు కవ్వళ్లు, రెండు పీతలు, ఒక కప్పచేప. నలభై మందిదాకా తాడు పట్టిన వేటకు అదీ రాబడి. అయినా పద్ధతి పద్ధతే. నూకాలు ఇసుక చదును చేసి పోగులు పెట్టడం మొదలుపెట్టింది. సగం చేపను కోసి ఒక పోగు, తోకముక్క ఒక పోగు. మా బావకు పోగు లేదు. నా ముందు రెండు చిన్న కవ్వళ్లు పెట్టింది.

నాకు సిగ్గేసింది. "ఎందుకండీ, మీరుంచుకోండి. ఇంటిల్లిపాదీ ఇంత కష్టపడి... నాకొద్దండీ" అన్నాను.

నూకాలు నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూసింది.

"వొద్దంటే ఎలగ బావూ? వాటా అంటే వాటాయే. ఈ రెండూ నీకొద్దంటే, ఎల్లిపోయిందే ఆ సొర, దాంట్లో కూడా నీకు వాటా నేదన్నట్టే మరి."

ఆ రెండు చేపలూ వెంటనే తీసేసుకున్నాను.